కెమెరాకు ఎనిమిది మీటర్ల షటర్ వైరు చేసుకున్న నా అనుభవం

కెమెరాను ముట్టకుండా దూరం నుంచి ఫొటో తీయడానికి వాడే షటర్ రిలీజ్ కేబుల్‌లో ఉండేవి మూడు తీగలు, రెండు స్విచ్చులు, అంతే. ఇంట్లో చేసుకుంటే గంట పని అని చాలామంది అంటారు, అందులో అబద్ధం లేదు. అయితే ఆ గంట పనికి కావలసిన గోరంత ప్లగ్గు కోసం తిరుపతిలో నాకు మార్చి నెల దాదాపు అంతా గడిచిపోయింది. ఎక్కడ ఎంత ఆలస్యమైందో, డబ్బు దేనికి పోయిందో, ముందే తెలిసి ఉంటే పని తేలికయ్యే సంగతులు ఏమిటో వరుసగా రాస్తున్నాను.

మా ఇల్లు జీవకోన వైపు, కొండ పాదానికి దగ్గరలో ఉంది. మార్చి వచ్చేసరికి మేడ మీద పిట్టగోడకు ఆనించి పెట్టే మట్టి మూకుడులో నీళ్ల కోసం పిగిలిపిట్టలు, గోరింకలు, అప్పుడప్పుడు తేనెపిట్టలు వస్తాయి. మనిషి నీడ కనబడితే ఒక్కటీ వాలదు. కెమెరాను మూకుడుకు నాలుగడుగుల దూరంలో ట్రైపాడ్ మీద నిలిపి, నేను మెట్ల గది కిటికీ వెనక కూర్చుని షటర్ నొక్కాలన్నది ఆలోచన. కిటికీకీ కెమెరాకూ మధ్య గోడ పక్కగా లెక్కేస్తే ఏడు మీటర్ల పైచిలుకు వస్తుంది.

నా దగ్గర ఉన్నది 2011లో వచ్చిన కెనాన్ 600డి. అందులో వైఫై లేదు కాబట్టి ఫోనుతో నడిపే మార్గం లేదు. చేతి రిమోట్‌తో నడుస్తుంది గానీ, ఆ కిరణాలను అందుకునే సెన్సర్ కెమెరా ముందువైపు పట్టు మీద ఉంటుంది. నేను కూర్చునేది కెమెరా వెనక. పైగా ఆ రిమోట్ పరిధి అయిదు మీటర్లే, అదీ మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇంకా తగ్గుతుంది. కంపెనీ వారి వైరు పేరు ఆర్ఎస్-60ఈ3. ఆ పేరులోని 60 అంటే వైరు పొడవు అరవై సెంటీమీటర్లని అర్థం. ట్రైపాడ్ పక్కన నిలబడి నొక్కడానికి అది సరిపోతుంది, నా పనికి కాదు. రేడియో రిమోట్లు ఉన్నాయి, వాటి ధర, వాటి బ్యాటరీల గొడవ చూసి వద్దనుకున్నాను. 2025 మార్చి 2, ఆదివారం నాడు వైరు నేనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఈ కెమెరాలో ఎడమ పక్కన రబ్బరు మూత కింద రెండు గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. పెద్దది మూడున్నర మిల్లీమీటర్లది, అది మైకు కోసం. చిన్నది రెండున్నర మిల్లీమీటర్లది, మనకు కావలసింది అదే. ఆ చిన్న రంధ్రంలో పట్టే స్టీరియో ప్లగ్గు మీద రెండు నల్ల గీతలు, అవి విడదీసే మూడు లోహపు భాగాలు ఉంటాయి. కొస భాగం షటర్‌కు, మధ్య రింగు ఫోకస్‌కు, మొదట్లో ఉన్న పొడవాటి భాగం రెండింటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్‌కు. మధ్య రింగును గ్రౌండ్‌కు తాకిస్తే కెమెరా బటన్ సగం నొక్కినట్టు, కొసను తాకిస్తే పూర్తిగా నొక్కినట్టు. బయటి నుంచి కరెంటు ఏమీ ఇవ్వనక్కరలేదు, ఇవ్వకూడదు కూడా. కెమెరా తానే ఆ రెండు తీగల మీద చిన్న వోల్టేజి ఉంచుతుంది (నా దానిలో మీటరు మూడు వోల్టులకు కాస్త పైన చూపింది), మనం చేసేదల్లా దాన్ని గ్రౌండ్‌కు కలపడమే. బ్యాటరీ ఉన్న ఏ వస్తువునూ నేరుగా ఆ రంధ్రానికి తగిలించవద్దని ఇక్కడే గట్టిగా చెబుతున్నాను.

ఆ వారమంతా సాయంత్రాలు ప్లగ్గు కోసం తిరిగాను. గాంధీ రోడ్డు వెనక సందుల్లో, లీలామహల్ కూడలి చుట్టుపక్కల సెల్‌ఫోన్ సామాన్లు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. మొదటి దుకాణంలో కుర్రవాడు నా చేతిలోని బొమ్మ చూసి నవ్వాడు. "రెండున్నర పిన్నా? అది పాత నోకియాలతోనే పాయె సామీ. ఇప్పుడు మూడున్నరే ఎవురూ అడగడం లేదు, అందరూ టైప్-సీ అంటా ఉండారు" అన్నాడు. రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర మాత్రం రెండున్నర ప్లగ్గు దొరికింది. ఆయన ఒక పాత మందుల డబ్బా బోర్లించి, వేలితో వెతికి, నల్లటి ప్లాస్టిక్ తొడుగున్న ప్లగ్గు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఒకే ఒక్క నల్ల గీత ఉంది. అంటే మోనో. దానితో ఫోకస్ తీగకు చోటుండదు. ఆయన డబ్బు తీసుకోలేదు సరికదా, "స్టీరియోది కావాలంటే మద్రాసుకు పోవాల్సిందే నాయనా, ఈడ టైం వేస్టు" అని సలహా కూడా ఇచ్చాడు. ఆ మాటను అప్పుడే పాటించవలసింది.

ఆన్‌లైన్లో వెతికితే ఒక చివర రెండున్నర, మరో చివర మూడున్నర ప్లగ్గులు పోతపోసి ఉన్న రెడీమేడ్ వైరు కనిపించింది. దాన్ని కోసి వాడుకుంటే సన్నని ప్లగ్గుకు టంకం పెట్టే బాధ తప్పుతుందని ఆర్డర్ చేశాను. మార్చి 10కి వస్తుందన్నది 15న వచ్చింది, హోలీ సెలవులు కారణమన్నారు. ప్యాకెట్ విప్పగానే భూతద్దం అక్కర లేకుండానే తెలిసిపోయింది, ప్లగ్గు మీద మూడు నల్ల గీతలు ఉన్నాయి. బొమ్మలో ఉన్నది రెండు గీతలది, వచ్చింది మైకుతో కలిపి ఫోన్లకు వాడే నాలుగు భాగాల రకం. దీన్ని కెమెరాలో పెడితే గ్రౌండ్ తాకవలసిన చోట ఏ భాగం తాకుతుందో చెప్పలేము. వాపసు తీసుకోవడానికి మనిషి వస్తాడన్న రోజున రాలేదు, ఆ తరవాత వచ్చినా డబ్బు ఖాతాలో పడటానికి ఇంకో వారం పట్టింది. ఆన్‌లైన్లో కొనదలచిన వారు అమ్మేవారు రాసిన వివరాన్ని పక్కన పెట్టి, కొనుగోలుదారులు పెట్టిన ఫొటోలను పెద్దవి చేసి గీతలు లెక్కపెట్టుకోవడం మంచిది.

చివరకు పెద్దాయన మాటే నెగ్గింది. మా బావమరిది చెన్నైలో ఉద్యోగం చేస్తాడు, నెలకోసారి ఇంటికి వస్తాడు. మౌంట్ రోడ్డు దగ్గరి రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లన్నీ దొరుకుతాయని అందరికీ తెలిసిందే. అయితే ఆదివారాలు అక్కడ ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి, అతనికి తీరిక దొరికేది ఆదివారమే. మార్చి 24, సోమవారం నాడు ఆఫీసు నుంచి ముందుగా బయటపడి వెళ్లి, దుకాణం నుంచి ఫోను చేశాడు. "బావా, ప్లాస్టిక్ తొడుగుదా, ఇనప తొడుగుదా? ఇనపది నలభై అంటున్నారు" అని అడిగాడు. ఇనప తొడుగుదే తెమ్మన్నాను, ఒకటి పాడైనా మరొకటి ఉంటుందని నాలుగు తెమ్మన్నాను. వాటితో పాటు 1ఎన్4148 అనే చిన్న గాజు డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేవి) కొన్ని, చేతి బటన్లు, అతుకుల మీద తొడిగే సన్నని స్లీవ్ గొట్టాలు కూడా చెప్పాను. ఉగాదికి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, చిన్న ప్లాస్టిక్ సంచి నా చేతిలో పెట్టాడు.

ఈలోగా ఇక్కడ దొరికే వస్తువులన్నీ సమకూర్చుకున్నాను. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్ మూడు వందల లోపు వచ్చింది. డిజిటల్ మీటరు కూడా అంతే. టంకం తీగ, పేస్టు డబ్బా కలిపి నూటయాభై. మూడున్నర ప్లగ్గులు, సాకెట్లు తిరుపతిలో ఏ దుకాణంలో అడిగినా ఉన్నాయి.

ఉగాది ఆ ఏడు మార్చి 30న, ఆదివారం నాడు పడింది. పచ్చడి తిని, పంచాంగ శ్రవణం టీవీలో వింటూ ముందు గదిలో పని మొదలుపెట్టాను. పేస్టు కాలి పొగ లేచేసరికి అమ్మ వంటగది నుంచి వచ్చి, "పండగ పూట సాంబ్రాణి వేయాల్సిన ఇంట్లో ఈ పొగేంది నాయనా?" అంది. ఆమె కోపంలో న్యాయం ఉంది, మనం వాడే టంకంలో సీసం ఉంటుంది, తినే చోట చేయవలసిన పని కాదు. అన్నీ సర్దుకుని మెట్ల గదిలోకి మారాను. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం పనిలో అసలు కష్టం ఈ వేలెడు జాగాలోనే ఉంది. రెండున్నర మిల్లీమీటర్ల ప్లగ్గు తొడుగు విప్పితే లోపల మూడు చిన్న రేకులు కనిపిస్తాయి. పొడవాటి రేకు గ్రౌండ్‌ది, దాని చివర వైరును పట్టి నొక్కే రెండు కొక్కేలుంటాయి. మిగతా రెండూ బియ్యపు గింజలో సగం కూడా ఉండవు, వాటి మధ్య ఎడం ఒక మిల్లీమీటరు ఉంటుందేమో. ఆ రేకులను విడదీసే నల్లటి ప్లాస్టిక్ వేడికి త్వరగా మెత్తబడుతుంది. ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనిస్తే లోపలి భాగాలు పక్కకు జరిగి, కొస, రింగు కలిసిపోతాయి. దీనికి పెద్దాయన చెప్పిన ఉపాయం బాగా పనిచేసింది. పాత ఫోను నుంచి ఊడదీసిన రెండున్నర సాకెట్‌లో ప్లగ్గును గుచ్చి, అలా ఉంచి టంకం పెట్టాలి. సాకెట్ లోపలి స్ప్రింగులు భాగాలను నిటారుగా పట్టి ఉంచుతాయి, వేడిని కొంత లాగేస్తాయి. ఆ సాకెట్‌ను ఆయనే ఇచ్చాడు. ముందు రేకులకు, తీగ కొసలకు విడివిడిగా టంకం పూసి చల్లారనిచ్చి, ఆ తరవాత రెండింటినీ ఆనించి ఒక్క క్షణం వేడి చూపిస్తే చాలు.

తీగ విషయంలోనూ ఒక చిక్కు ఉంది. ప్లగ్గు తోకలో మూడు మిల్లీమీటర్ల కన్నా లావు వైరు దూరదు. అందుకని కెమెరా వైపు మూరెడు ముక్కకు పాత ఇయర్‌ఫోన్ వైరు వాడాను. దాని లోపల ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగుల్లో వెంట్రుకల్లాంటి తీగలు, వాటితో కలిపి పేనిన నైలాన్ దారాలు ఉంటాయి. రంగు కనిపించేది తొడుగు వల్ల కాదు, ప్రతి తీగకూ పూసిన వార్నిష్ వల్ల. ఆ పూత ఉన్నంతవరకు టంకం నీటిబొట్టులా జారిపోతుంది తప్ప అంటుకోదు. కొసను లైటర్ మంటలో అర సెకను చూపి, నల్లబడిన భాగాన్ని సన్న ఎమరీ కాగితంతో నెమ్మదిగా తుడిచి, పేస్టులో ముంచి, ఐరన్ మీద కరిగి ఉన్న టంకం బొట్టులో ముంచితే వెండిలా మెరుస్తూ పట్టుకుంటుంది. దారాలు మంటకు వాటంతట అవే ముడుచుకుపోతాయి. స్లీవ్ గొట్టం ముక్కలను, ప్లగ్గు తొడుగును తీగలోకి ముందే ఎక్కించి ఉంచుకోవాలి, టంకం పెట్టాక ఎక్కించే దారి లేదు.

ఈ మూరెడు ముక్క రెండో చివర మూడున్నర సాకెట్ పెట్టాను. అంటే కెమెరాకు తగిలేది చిన్న ముక్క, ఆ ముక్కకు తగిలేది పొడవాటి వైరు. ఇలా రెండు ముక్కలుగా చేయడానికి మొదట కారణం వైరు లావు ఒక్కటే. తరవాత అదే నా కెమెరాను కాపాడింది, ఆ సంగతి ముందు వస్తుంది.

పొడవాటి వైరును సౌండ్ సర్వీసు సామాన్లు అమ్మే దుకాణంలో కొన్నాను. తిరుపతిలో పెళ్లిళ్లకు, ఉత్సవాలకు మైకు సెట్ల గిరాకీ బాగా ఉంటుంది కాబట్టి ఈ వైరు కావలసినన్ని రకాల్లో దొరుకుతుంది. టూ కోర్ షీల్డ్ మైకు వైరు అని అడగాలి. లోపల రెండు రంగుల తీగలు, వాటి చుట్టూ అల్లిన రాగి జాలీ ఉంటాయి. జాలీని గ్రౌండ్‌కు, ఒక తీగను షటర్‌కు, రెండోదాన్ని ఫోకస్‌కు కలిపితే లెక్క సరిపోతుంది. మీటరు పాతిక రూపాయలు, ఎనిమిది మీటర్లకు రెండు వందలు. దుకాణంలో ఆయన మైకులో ఏం మాట్లాడతారని అడిగాడు, పిట్టల ఫొటోల కోసమంటే నమ్మలేదు. ఇంత పొడవైతే సిగ్నల్ తగ్గుతుందేమోనని నాకు భయముండేది. ఇందులో పోయేది సంగీతం కాదు, తాకిందా లేదా అన్న ఒక్క సంగతే, కాబట్టి ఎనిమిది మీటర్లకు తేడా ఏమీ రాలేదు.

చేతిలో పట్టుకునే భాగానికి అమ్మ షుగర్ పరీక్షకు వాడే స్ట్రిప్పుల ఖాళీ డబ్బా తీసుకున్నాను. గుప్పిట్లో సరిగ్గా ఇముడుతుంది, మూత బొటనవేలికి అందుతుంది. ఒక్క విషయం, ఆ డబ్బా లోపలి గోడకు తేమ పీల్చే పొర ఒకటి ఉంటుంది. కాల్చిన మేకుతో రంధ్రం చేస్తే తెల్లటి పొడి రాలుతుంది, దాన్ని బాగా దులిపి తుడవకపోతే స్విచ్చుల్లో చేరుతుంది. మూత మీద ఎర్ర బటన్, అది షటర్. అంచు కింద చిన్న నల్ల బటన్, అది సగం నొక్కుడు. దానికి ఎదురు పక్కన జరిపే స్విచ్చు, అది ఎర్ర బటన్‌ను నొక్కి పట్టి ఉంచడానికి బదులు. డయోడ్‌ను నల్ల గీత ఉన్న వైపు షటర్ తీగకు, రెండో వైపు ఫోకస్ తీగకు వచ్చేలా పెట్టాను. దీనివల్ల ఎర్ర బటన్ నొక్కినప్పుడు ఫోకస్ తీగ కూడా దానితో పాటే గ్రౌండ్‌కు చేరుతుంది, నల్ల బటన్ ఒక్కటే నొక్కినప్పుడు మాత్రం షటర్ జోలికి పోదు. నా కెమెరాను మాన్యువల్ ఫోకస్‌లో వాడితే డయోడ్ లేకున్నా నడుస్తుంది. రూపాయి ఖరీదు చేసే వస్తువు కదా అని పెట్టాను.

కెమెరాకు తగిలించే ముందు మీటరుతో చూసుకోవడం ఈ పనిలో వదలకూడని మెట్టు. వైరును కెమెరా నుంచి పూర్తిగా విడిచి ఉంచి, మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, ముందు ఏ బటన్ నొక్కకుండా కొస, రింగు, మొదలు మూడింటి మధ్యా ఏ రెండు కలిసినా శబ్దం రాకూడదని చూశాను. నల్ల బటన్ నొక్కితే రింగుకూ మొదలుకూ మధ్య బీప్, ఎర్ర బటన్ నొక్కితే కొసకూ మొదలుకూ మధ్య బీప్ వచ్చాయి. ఎర్ర బటన్ నొక్కి ఉంచి, డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్‌ను రింగు మీద, నల్ల ప్రోబ్‌ను మొదలు మీద పెడితే 0.6 దగ్గర అంకె చూపింది, అంటే డయోడ్ సరైన దిశలోనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్లగ్గు దగ్గర వైరును అటూ ఇటూ వంచుతూ బీప్ తెగకుండా వస్తోందా అని చూడాలి. నాలుగు ప్లగ్గుల్లో మొదటిది ఇక్కడే తేలిపోయింది, వంచినప్పుడల్లా బీప్ తెగుతోంది, రేకు మొదట్లోనే కదులుతోంది. నలభై రూపాయలు పోయినా నాలుగు తెప్పించినందుకు సంతోషించాను.

మర్నాడు సాయంత్రం రెండో ప్లగ్గుతో ముక్క తయారయ్యాక కెమెరాకు తగిలించాను. లెన్సు మాన్యువల్ ఫోకస్‌లో ఉంది, మూత పెట్టే ఉంది. నల్ల బటన్ నొక్కగానే వ్యూఫైండర్‌లో అంకెలు వెలిగాయి. ఎర్రది నొక్కితే టక్కున అద్దం లేచి పడిన శబ్దం వచ్చింది. ఎనిమిది మీటర్ల అవతల ఉన్న కెమెరా నా బొటనవేలికి పలికిందన్న సంతోషం చెప్పలేను, పక్కన ఎవరూ లేకపోవడంతో మళ్లీ మళ్లీ నొక్కి చూసుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఎండ అసలు రూపం చూపింది. సాకెట్ దగ్గర వైరు కదలకుండా నేను హాట్ గ్లూ నింపాను. మధ్యాహ్నం మేడ గచ్చు మీద పడి ఉన్న నల్లటి వైరుకు ఎంత వేడి తగిలిందో గానీ, సాయంత్రానికి ఆ జిగురు మెత్తబడి వైరు సాకెట్ తొడుగులో వదులై వేలికి కదలసాగింది. టంకం మాత్రం చెక్కుచెదరలేదు. జిగురంతా గీకేసి, వైరుకు తొడుగు లోపల ముడి వేసి, ఎం-సీల్ పెట్టి, పైన హీట్ ష్రింక్ గొట్టం బిగించాను. ఆ తరవాత మే నెల ఎండలకు కూడా కదల్లేదు. మన ఊళ్లో మేడ మీద పెట్టే ఏ వస్తువుకూ హాట్ గ్లూను నమ్మకూడదని నా అభిప్రాయం.

కోతుల సంగతి కూడా చెప్పాలి. కొండ పక్కన ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక ఉదయం నేను కిటికీ వెనక ఉండగానే ఒక గండు కోతి పిట్టగోడ దిగి వచ్చి, మూకుడులో నీళ్లు తాగి, వైరును చూసి రెండు చేతులా పట్టి గుంజింది. నేను కేకలేసేలోగా మూడున్నర ప్లగ్గు సాకెట్లోంచి ఊడి, వైరు చివర దాని చేతిలోకి పోయింది. ట్రైపాడ్ కొంచెం కూడా కదల్లేదు. ఒకే ముక్కగా వైరు చేసి కెమెరాకు నేరుగా తగిలించి ఉంటే కెమెరా గచ్చు మీద పడేది, లేదా కెమెరా లోపలి సాకెట్ ఊడేది, అది బాగుచేయించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ వైరు ఖర్చు లెక్కలోకి రాదు. పిల్లలున్న ఇంట్లో కూడా ఇలా మధ్యలో ఊడే అతుకు ఉండటం క్షేమం.

పిట్టల విషయంలో వైరు ఆశించిన పని చేసింది గానీ, కెమెరా అద్దం చప్పుడుకు మొదట్లో అన్నీ లేచిపోయేవి. రోజూ అదే చోట ట్రైపాడ్ ఉంచి, ఫొటోలు తీయకపోయినా మధ్య మధ్య బటన్ నొక్కుతూ పోతే ఏప్రిల్ మూడో వారానికి పిగిలిపిట్టలు ఆ చప్పుడును పట్టించుకోవడం మానేశాయి. గోరింకలు ఇప్పటికీ తలెత్తి చూస్తాయి. కెమెరా కొంతసేపు ఊరకుంటే నిద్రలోకి పోతుంది, అప్పుడు నేరుగా ఎర్రది నొక్కితే మేలుకోవడానికి క్షణకాలం పట్టి, ఆలోగా పిట్ట ఎగిరిపోతుంది. నల్ల బటన్ ఉపయోగం అక్కడే తెలిసింది. పిట్ట పిట్టగోడ మీద వాలగానే దాన్ని నొక్కి పట్టుకుంటే, మూకుడు అంచుకు చేరేసరికి కెమెరా సిద్ధంగా ఉంటుంది. నల్లది నొక్కి ఉన్నంతసేపు మెనూ, ఫొటో చూసే బటన్లు పనిచేయవు. అది చెడిపోయిందని భయపడనక్కర లేదు.

జరిపే స్విచ్చును ఏప్రిల్ 27, అమావాస్య రాత్రి వాడాను. ఊళ్లో దీపాల వెలుగు ఎక్కువ కాబట్టి పాకాల దగ్గర మా పెద్దమ్మ వాళ్ల పల్లెకు వెళ్లాను. ఈ కెమెరాలో తనంతట తాను తెరిచి ఉంచగల గరిష్ఠ సమయం ముప్పై సెకన్లు, అంతకు మించాలంటే బల్బ్ మోడ్‌లో బటన్ నొక్కి పట్టాలి. నక్షత్రాల జాడల కోసం నేను బల్బ్ వాడలేదు. షటర్ ముప్పై సెకన్లకు, డ్రైవ్ మోడ్‌ను వరస ఫొటోలకు పెట్టి, స్విచ్చు జరిపి వదిలేస్తే, దాన్ని వెనక్కి జరిపేదాకా కెమెరా ఒకదాని వెంట ఒకటిగా తానే తీస్తూ పోతుంది. తరవాత వాటన్నిటినీ స్టార్‌స్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవచ్చు. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపి ఉంచాలి, లేకుంటే ప్రతి ఫొటో తరవాత కెమెరా మరో ముప్పై సెకన్లు తనలో తాను లెక్కలు వేసుకుంటూ కూర్చుంటుంది, జాడలు తెగిపోతాయి. మన ప్రాంతం పదమూడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తరాన అంతే ఎత్తులో, చాలా కిందుగా ఉంటుంది. జీవకోన మేడ మీద నుంచి చూస్తే శేషాచలం అంచు దాన్ని కప్పేస్తుంది, పాకాల వైపు మైదానం నుంచి కనిపిస్తుంది. పన్నెండు దాటాక బ్యాటరీ అయిపోయింది, అప్పటికి చాలినన్ని వచ్చాయి.

ఖర్చు సంగతి. వైరు, ప్లగ్గులు, సాకెట్లు, స్విచ్చులు, గొట్టాలు అన్నీ కలిపి అయిదు వందలకు దగ్గరగా అయ్యాయి. ఐరన్, మీటరు, టంకం కలుపుకుంటే పన్నెండు వందలు దాటింది. కంపెనీ పేరు లేని రెడీమేడ్ వైరు మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. కాబట్టి అరవై సెంటీమీటర్లు చాలేవారు డబ్బు ఆదా కోసమని దీనికి దిగవద్దు, కొనుక్కోవడమే నయం. పొడవు కావాలనుకునేవారికి, ఇంట్లో ఐరన్, మీటరు ఇప్పటికే ఉన్నవారికి మాత్రం లాభం.

కెనాన్‌లోనే 5డి, 7డి వంటి పెద్ద కెమెరాలకు ఈ ప్లగ్గు పట్టదు, వాటిది ఎన్3 అనే మూడు సూదుల రకం. నికాన్ వాటికీ వేరే ప్లగ్గులే, అవి విడిగా అమ్మరు. మా వీధిలో స్టూడియో నడిపే కుర్రవాడు తన నికాన్ డి7200కు కూడా చేసి పెట్టమన్నప్పుడు, దానికి సరిపోయే చవక రెడీమేడ్ వైరు తెప్పించి కోశాము. స్విచ్చు డబ్బా విప్పితే లోపల ఒకదాని మీద ఒకటిగా మూడు ఇత్తడి రేకులు ఉన్నాయి, సగం నొక్కితే రెండు, పూర్తిగా నొక్కితే మూడూ తాకుతున్నాయి. తీగల రంగులను నమ్మకుండా, ఏ రేకు ఏ తీగదో మీటరుతో గుర్తుపట్టి, ఆ చివర మూడున్నర సాకెట్ అతికించాను. ఆ కెమెరా ఫోకస్ తీగ కూడా కలిసి ఉంటేనే షటర్ వదులుతుంది కాబట్టి నల్లది పట్టి ఉంచి ఎర్రది నొక్కమని చెప్పాను. డయోడ్ ఉండటంతో ఎర్రది ఒక్కటే చాలుతోందని రెండు రోజుల తరవాత అతనే వచ్చి చెప్పాడు. ఇప్పుడు మైకు వైరు, స్ట్రిప్పుల డబ్బా ఇద్దరికీ ఒకటే, కెమెరా వైపు ముక్క మాత్రమే ఎవరిది వారిది.